వాగు రాళ్లు ఏరిన మేస్త్రి

మా పెరట్లో చుట్టూ కూర్చుని చలి కాచుకోవడానికి కాంక్రీటుతో గ్యాసు పొయ్యి కట్టిన మేస్త్రి, ఏటా చలి మొదలవగానే వచ్చి దాని మంచీచెడ్డా చూసి వెళ్తాడు. రాగానే చెప్పులు విప్పి, ఎక్కడైనా బీట పడిందేమోనని వేలి కణుపుతో అంచంతా తడుతూ చెవి ఒగ్గి వింటాడు. గొట్టం అతుకులకు సబ్బు నురగ రాసి, బుడగ లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూస్తాడు. బర్నరు రంధ్రాల్లో సాలీడు అల్లిన గూళ్లను సూదితో తీస్తాడు. "చదివింది ఐదో తరగతే. రెండు వందల పదకొండు పొయ్యిలు కట్టాను, ఒక్కటీ బీట తియ్యలేదు" అని వినేవాళ్లున్నా లేకపోయినా చెబుతాడు.

ఈసారి పిల్లలు చుట్టూ చేరి వెలిగించమని గోల చేస్తుంటే, అతని చెయ్యి మీట దగ్గరే ఆగిపోయింది. పొయ్యిలో అతను పేర్చిన నల్ల రాళ్లకు బదులు నున్నటి తెల్ల రాళ్లున్నాయి.

"ఇవెక్కడివమ్మా?"

"నిన్న వాగులోంచి తెచ్చాను బాబాయ్. మీ నల్ల రాళ్లు బాగాలేవని మార్చేశాను" అంది మా కోడలు.

"ముద్దుగానే ఉన్నాయి తల్లీ. కానీ కడుపులో నీళ్లు దాచుకున్నాయి. వేడెక్కితే పేలి ముక్కలు మొహాన కొడతాయి. ముందు పిల్లల్ని వెనక్కి లాగు!"

కోడలు గబగబా పిల్లల్ని వెనక్కి లాగింది. మేస్త్రి గొంతుక్కూర్చుని ఒక్కొక్క రాయీ ఏరి, పాత నల్ల రాళ్లు పేర్చి, అప్పుడు వెలిగించాడు. ఆ చెయ్యి ఆగకపోతే ఏమయ్యేదో! కోడలు తన చిన్నవాణ్ణి ఎత్తుకొచ్చి అతని ఒళ్లో కూర్చోబెట్టింది. వాడు రెండు చేతులూ మంటకేసి చాపాడు.