వేలు మేస్త్రి ఎంచిన దారం

నేను చదివింది మా ఊరి బడిలో ఐదో తరగతి వరకు. ఐదేళ్లూ లెక్కల్లో నాదే మొదటి స్థానం. తరగతిలో ఉన్నది మొత్తం ఏడుగురమనీ, అందులో ముగ్గురు వారానికి రెండు రోజులకు మించి బడి మొహం చూసేవారు కాదనీ కూడా రాయమని మా ఆవిడ పక్కనుంచి అంటోంది. రాశాను.

ఆ తరువాత నూలు మిల్లులో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. పురి తిప్పే విభాగంలో కూలీగా చేరి మేస్త్రిగా దిగాను. ఒక ఏడాది మిల్లు మొత్తంలో అతి తక్కువ దారాలు తెగిన మర నాదేనని నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆ కాగితం ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. ఇంకొకసారి మేనేజరు ఎదుట కళ్లకు గుడ్డ కట్టించుకుని, పదకొండు రకాల దారాలను వేళ్లతో తడిమి, ఏది ఎంత సన్నమో ఒక్కటి కూడా తప్పకుండా చెప్పాను. అప్పటినుంచి మిల్లులో నన్ను అందరూ వేలు మేస్త్రి అనేవారు. "పది చెప్పాక మిగిలింది ఒక్కటే కదండీ, పదకొండోది నేనైనా చెప్పేదాన్ని" అని మా ఆవిడ పెళ్లైన ఇన్నేళ్లలో కనీసం వందసార్లు అని ఉంటుంది. పది కూడా తక్కువేమీ కాదని నేను వందసార్లూ జవాబు చెప్పాను.

రిటైరయ్యాక నన్ను పగలంతా ఇంట్లో భరించలేక, మా ఆవిడ తనతో పాటు లేసు గదికి తీసుకుపోయింది. సైకిళ్లు బాగుచేసే కొట్టు మీద పొడుగాటి గది అది. పన్నెండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు. ఒక్కొక్కరి ముందు స్టాండు మీద గడ్డి కూరిన గట్టి దిండు, దాని మీద చిల్లులు పొడిచిన అట్ట, చిల్లుల్లో గుండుసూదులు. దారం చుట్టిన చెక్క పుల్లలు దిండు చుట్టూ జతలు జతలుగా వేలాడుతుంటాయి. ఆ పుల్లలను ఒకదాని మీదుగా ఒకటి దాటించి, మెలిపెట్టి, సూది చుట్టూ తిప్పుకుంటూ పోతే లేసు పుడుతుంది. గదంతా పుల్లల టకటక. నేనూ ఒకసారి ప్రయత్నించాను. నాలుగు జతల పుల్లలతో మొదలుపెట్టి, గంట గడిచేసరికి నా చొక్కా గుండీని కూడా కలిపి అల్లేశాను. దాన్ని విడదీయడానికి కత్తెర కావలసి వచ్చింది. చొక్కా కూడా కాస్త పోయింది.

గదిని నడిపేది పెద్దక్క. నాకంటే నాలుగేళ్లు చిన్నదైనా, అందరూ అలాగే పిలుస్తారు కాబట్టి నేనూ పెద్దక్క అనే అంటాను. నా చొక్కా సంగతి చూశాక ఆమె నాకు దారాల బీరువా అప్పగించింది. "మేస్త్రిగారూ, మీరు అల్లొద్దు. దారాలు చూసుకోండి" అంది. మిల్లులో పదోన్నతి వచ్చిన రోజున కూడా నేను అంత నిటారుగా నడవలేదు.

నిజం చెప్పాలంటే ఆ పనికి తగినవాణ్ణే. లేసుకు దారం ఎంచడం బజారులో కూరగాయలు ఏరడం లాంటిది కాదు. దారం లావైతే చిల్లుల మధ్య ఇరుక్కుని లేసు ముద్దగా తయారవుతుంది. సన్నమైతే నిలవదు. పురి వదులైతే నాలుగు మెలికలకే పీచు లేస్తుంది. ఇవన్నీ నాకు వేళ్ల చివర ఉండేవి. నాలుగేళ్ల పాటు ఎవరు బీరువా తెరిచినా ముందు నా మొహం చూసేవారు. నేను కళ్లు మూసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దారాన్ని రాసి, కాసేపు ఆగి, అప్పుడు చెప్పేవాణ్ణి. ఆ కాసేపు ఆగడం అవసరం లేదు. అలా ఆగితే చూసేవాళ్లకు బాగుంటుందని ఆగేవాణ్ణి.

మా కోడలు కూడా ఆ గదిలోనే నేర్చుకుంది. మాట తక్కువ, చెయ్యి నెమ్మది. నేర్చుకునేవాళ్లు తలుపు దగ్గర ఉమ్మడి దిండు మీద పనిచేయాలి. వచ్చేపోయే వాళ్లందరి కాళ్లూ తగిలే చోటు అది. నాలుగేళ్లుగా మా కోడలు అక్కడే ఉంది. సొంత దిండు కావాలంటే గదిలో ఒక నియమం ఉంది. ఒక ఆర్డరు మొదటినుంచి చివరిదాకా ఒంటరిగా చేయాలి. అట్ట గీయడం, దారం ఎంచడం, అల్లడం, ఉతకడం, కుట్టడం అన్నీ తనే. పెద్దక్క భూతద్దంతో చూసి సరేనంటే సొంత స్టాండు, తన పేరున ఆర్డర్లు. కాదంటే మరో ఏడాది తలుపు దగ్గరే. ఆ నెలలో కిటికీ పక్క చోటు ఖాళీ అయింది. ఆ చోటు కోసం మా కోడలు ఎంత ఆశపడిందంటే, మధ్యాహ్నం భోజనానికి అందరూ లేచాక అక్కడికి వెళ్లి ఒక్క నిమిషం కూర్చుని వచ్చేది. ఎవరూ చూడలేదనుకునేది. నేను చూశాను.

ఆమెకు వచ్చిన ఆర్డరు ఒక టీచరమ్మది. వాళ్ల అమ్మ ఉద్యోగంలో చేరిన రోజు వేసుకున్న జాకెట్టు కాలరు. దాని చుట్టూ చేత్తో అల్లిన అవిసె నార దారపు లేసు. టీచరమ్మ ఇస్త్రీ చేయబోయి జానెడు లేసు కాల్చేసింది.

"నెలాఖరుకి అమ్మ మా ఇంటికొస్తోంది. రాగానే అడుగుతుంది, నాకు తెలుసు. కాల్చానని చెప్పే ధైర్యం నాకు లేదమ్మా" అంది టీచరమ్మ. యాభై ఏళ్ల మనిషి ఆ మాట అంటూ ముడుచుకుపోయింది.

"కాలిన ముక్క తీసేసి, అలాంటిదే అల్లి అతుకుతానండి" అంది మా కోడలు.

అన్నీ తనే చేయాలన్న నియమం నాకు తెలియనిది కాదు. అయినా ఆమె బీరువా దగ్గరకు రాగానే నా చేయి దానంతట అదే కాలరు మీదికి పోయింది. కళ్లు మూశాను. రాశాను. ఆగాను. పై అరలోంచి చుట్టగా మెలిపెట్టిన నార దారం చిలప ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఇదే" అన్నాను.

"మరీ సన్నగా ఉందేమో మామయ్యా."

"సన్నగానే ఉండాలి. కాలరు దారం ఎంత సన్నమో చూడు."

"కాలిన చోట కుట్టు మడత విప్పి లోపలి దారం చూద్దామనుకున్నాను. పైదాన్ని ఎన్నిసార్లు ఉతికారో. అరిగిపోయి ఉంటుందేమో కదా."

"నార దారం అరగడమేంటమ్మా. నార అంటే ఇనుము."

"పోనీ సూదికి చుట్టి లెక్కపెడతాను ఒకసారి. అర సెంటీమీటరుకి ఎన్ని చుట్లు పడుతున్నాయో తెలుస్తుంది."

"చుట్టి లెక్కపెట్టుకోవడం వేళ్లు పనిచేయనివాళ్లకి" అన్నాను. తరువాత నిలబెట్టి మిల్లు గురించి ఇరవై నిమిషాలు చెప్పాను. పదకొండు దారాల కథ కూడా చెప్పాను. ఆమె అది పెళ్లిచూపుల రోజునే విన్నది. చిలప పట్టుకుని వినయంగా నిలబడింది. ఆ వినయాన్ని నేను ఒప్పుకోవడం అనుకున్నాను.

పది రోజులు అల్లింది. లేసు దిండు మీద ఉన్నంతసేపూ గుండుసూదులు దాన్ని లాగి పట్టుకుంటాయి కాబట్టి ఏ లోపమూ బయటపడదు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. మధ్యలో ఒకరోజు ఇంట్లో అత్తతో అంటుంటే విన్నాను, "చిల్లుల మధ్య ఖాళీ ఎక్కువగా కనిపిస్తోందత్తయ్యా" అని. నేను పక్క గదిలోంచే "కాస్త బిగించి లాగు, సరిపోతుంది" అన్నాను. మా ఆవిడ "మిమ్మల్ని ఎవరడిగారు" అంది. ఆ ఇంట్లో నన్ను ఎవరూ ఏమీ అడగరు. అయినా నేను చెప్పకుండా ఉన్న రోజు లేదు.

పదకొండో రోజున పెద్దక్క వచ్చి దిండు ముందు నిలబడింది. కోడలు ఒక్కొక్క సూదీ తీస్తోంది. సగం సూదులు వచ్చేసరికే లేసు ఒక పక్కకి ఒరగడం మొదలైంది. అన్నీ తీశాక పెద్దక్క దాన్ని రెండు వేళ్లతో పైకెత్తింది. నీళ్లలో తడిసిన కాగితంలా వేలాడింది. పువ్వులుండాల్సిన చోట దారాలు జారి ఒకదాని మీదికి ఒకటి చేరాయి. పక్కనే పాత లేసు, అన్నేళ్లు వాడినది, నిటారుగా ఉంది.

"అల్లిక తప్పులేదు. చెయ్యి బాగుంది. దారమే చాల్లేదు. ఎవరు ఎంచారిది?" అంది పెద్దక్క.

"నేనేనండి" అంది మా కోడలు.

నేను బీరువా పక్కన నిలబడి ఉన్నాను. ఇక్కడ ఒక విషయం దాచకుండా రాయాలి. ఆమె అలా అనగానే నా ప్రాణం ముందు హాయిగా ఊపిరి పీల్చుకుంది. నా సంగతి ఎవరికీ తెలియదు, నోటీసు బోర్డుకెక్కిన మనిషి పేరు నిలబడింది, అని. ఆ హాయి ఎంతసేపు ఉందో చెప్పలేను గానీ, ఉండాల్సిన దానికంటే ఎక్కువసేపే ఉంది. మా ఆవిడ తన దిండు మీదినుంచి తలెత్తి కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది. కోడలు మాత్రం చూడలేదు. ఆమె కిటికీ పక్క ఖాళీ చోటు వైపు చూస్తోంది.

"నేను ఎంచాను పెద్దక్కా. మడత విప్పి చూస్తానంది, వద్దన్నాను. సూదికి చుట్టి లెక్కపెడతానంది, వద్దన్నాను" అన్నాను. ఒక్కసారి మొదలుపెడితే నాకు ఆపడం రాదు కాబట్టి, "సన్నగా ఉందేమో అని కూడా అంది" అని చేర్చాను.

"మరి నువ్వెందుకమ్మా నేనే అన్నావు?"

"మామయ్య చెప్పారు. సరేనన్నది నేనే కదండీ."

పెద్దక్క ఆ వేలాడే లేసును దిండు మీద పడేసింది. "అయితే ఇది ఒంటరి పని కాదు. కాబట్టి పరీక్షా కాదు. దీన్ని లెక్కలోకి తీసుకోను. ఇంకా పన్నెండు రోజుల గడువుంది. మళ్లీ మొదలుపెట్టు. ఈసారి కూడా కుదరకపోతే ఏడాది ఆగాల్సిందే, అప్పుడు నన్నేమీ అనొద్దు" అంది. తరువాత నా వైపు తిరిగి, "మేస్త్రిగారూ, ఈ పన్నెండు రోజులు మీరు ఈ పిల్లకి పది అడుగుల దూరంలో ఉండాలి. నోటితో సహా" అంది.

మా ఆవిడ లేచి, అడుగులు కొలిచి, నేల మీద సుద్దముక్కతో గీత గీసింది. పది అనుకున్నది పన్నెండు వచ్చింది. నేను అభ్యంతరం చెప్పలేదు.

గీత ఇవతల స్టూలు వేసుకుని కూర్చున్నాను. కోడలు కాలిన చోట కుట్టు విప్పింది. మడత లోపల దాగిన దారం ఎండ, సబ్బు, ఇస్త్రీ ఎరగనిది. అన్నేళ్ల తరువాత కూడా గుండ్రంగా, నిండుగా ఉంది. పైన నేను తడిమింది అందులో ముప్పాతిక లావే ఉందట. అది నేను చూడలేదు, గీత ఇవతల ఉన్నాను కదా, మా ఆవిడ గట్టిగా అందరికీ వినిపించేలా చెప్పింది. సూదికి చుడితే లోపలి దారం అర సెంటీమీటరుకు పదమూడు చుట్లు. నేనిచ్చిన దారం పదిహేడు. లెక్కల్లో నాది మొదటి స్థానమని పైన రాశాను. ఈ లెక్క మాత్రం నేను చేయలేదు.

ఆమె బీరువాలోంచి ఒక్కొక్క చిలపా తీసి సూదికి చుట్టింది. ఒకటి పదమూడే వచ్చింది గానీ నూలుది, నార కాదు. పక్కన పెట్టింది. ఇంకొకటి నారే, పదమూడే. దాన్నే తీసుకుంటుందనుకున్నాను. దాని పురి వదులు, అది నాకు తెలుసు, మూడేళ్ల కిందట దాన్ని కొన్న తెలివితక్కువవాణ్ణి నేనే. గీత మీదికి ఒరిగాను. "మామయ్యా" అంది మా ఆవిడ కోడలి గొంతుతో, వెక్కిరిస్తూ. నాలుక కరుచుకుని వెనక్కి జరిగాను. కోడలు ఆ దారం కొస పట్టుకుని వెనక్కి తిప్పి చూసింది, పీచు విడివడింది, పక్కన పడేసింది. చివరికి కింది అరలో అడుగున, ముతక అని నేనే విసిరేసిన చిలపను తీసింది. చుట్టింది, తిప్పింది, వెలుతురుకు పట్టింది. ఎవరి వైపూ చూడకుండా తీసుకుపోయి పుల్లలకు చుట్టుకోవడం మొదలుపెట్టింది.

మిల్లులో రోజుకు పది గంటలు నిలబడి పనిచేసినవాణ్ణి. ఈ పన్నెండు రోజులు ఏ పనీ చేయకుండా, ఏమీ అనకుండా స్టూలు మీద కూర్చున్నంత కష్టం అప్పుడు పడలేదు. మూడో రోజున నాకు దగ్గు కూడా వచ్చింది. ఎవరో దాన్ని కూడా సలహా కింద జమకట్టారు.

సూదులు తీసిన రోజున నేను చూడలేదు, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. లేసు ఒరిగితే అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. తిరిగి చూస్తే, లేసు పెద్దక్క వేళ్ల మధ్య నిలబడి ఉంది. ఉతికి, పాతదాని రంగు రావడానికి పలుచటి టీ నీళ్లలో ముంచి ఆరబెట్టి, కాలరుకు కుట్టాక పెద్దక్క భూతద్దం పెట్టి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. "కిటికీ పక్క స్టాండు దుమ్ము పట్టింది. తుడుచుకో" అంది. అంతే. మా కోడలు తుడవడానికి గుడ్డ వెతుకుతూ గదంతా రెండుసార్లు తిరిగింది. గుడ్డ ఆమె భుజం మీదే ఉంది.

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. కాలరును బల్ల మీద పరిచి చుట్టూ చూసింది.

"ఇందులో కొత్తది ఏదమ్మా? నాకు తెలియట్లేదు."

పన్నెండు రోజులు నోరు మూసుకున్న మనిషిని. గీత దాటి వెళ్లి, కళ్లు మూసుకుని, బొటనవేలితో చుట్టూ ఒకసారి రాసి, కాసేపు ఆగాను.

"ఇదిగోనమ్మా. ఇక్కడినుంచి ఇక్కడిదాకా. కొత్త దారం కాబట్టి కాస్త బిగువు తెలుస్తుంది" అన్నాను.

టీచరమ్మ నోరు తెరిచి నన్ను చూసింది. "ఏం వేళ్లండీ మీవి" అంది.

"మామయ్యా, అది పాతదండి" అంది కోడలు మెల్లగా. నా చేయి పట్టుకుని కాలరుకు అవతలి పక్క పెట్టింది. "ఇది నాది."

రెండు చోట్లా మళ్లీ మళ్లీ తడిమాను. తేడా దొరకలేదు. పెద్దక్క భూతద్దం తుడుచుకుంటూ, మేస్త్రిగారికే తెలియలేదంటే ఇక దీన్ని ఎవరూ పట్టలేరని టీచరమ్మకు చెప్పింది. అది నన్ను పొగడటమో, మరొకటో నేను అడగలేదు. కాలరు మడిచి సంచిలో పెట్టుకుని టీచరమ్మ తేలిగ్గా మెట్లు దిగి వెళ్లింది. మా కోడలు కిటికీ పక్క తన దిండు ముందు కూర్చుంది. ఈసారి ఒక్క నిమిషానికి లేవలేదు.