జెనెబెచ్ ఇంట్లో కాఫీ వాసన

కాఫీ పడటం లేదని చెప్పిన రోజునే జెనెబెచ్ మాకు దొరికిపోయింది. గింజలు అయిపోయాయంటే నమ్మేవాళ్లం. బొగ్గులు తడిసిపోయాయన్నా, వానాకాలం కదా అని నమ్మేవాళ్లం. కానీ దెబ్రె బెర్హాన్‌లో పుట్టి, ఈ ఊరి చలిలో పెరిగి, పూటకు మూడు విడతలు కాఫీ తాగిన మనిషి పొట్ట మీద చెయ్యేసుకుని "నాకు కాఫీ పడటం లేదు" అంటే ఎవరు నమ్ముతారు? అబద్ధం చెప్పడం చేతకానివాళ్లు ఆ పనికి దిగితే ఇలాగే ఉంటుంది.

మా ఆవరణలో నాలుగు ఇళ్లు. గేటు పక్కన నా కుట్టుమిషన్ కొట్టు, దాని వెనకే నా గది. ఎదురుగా అస్కలె పెద్దమ్మ. ఆ మూల తిరునేష్, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల. కొళాయి పక్కన జెనెబెచ్, ఆమె కొడుకు రోబెల్. మధ్యాహ్నం కాఫీ వంతులవారీగా ఒక్కో ఇంట్లో. పిలుపులేమీ ఉండవు. పెనం మీద గింజలు వేగి వాసన బయటికొచ్చిందంటే అదే పిలుపు. అంత వాసన వదిలి తలుపేసుకుని ఒంటరిగా తాగే మనిషి గురించి మా ఊళ్లో ఏమంటారో ఇక్కడ రాయలేను.

అలాంటిది జెనెబెచ్ వంతు ఒకసారి తప్పింది, మళ్లీ తప్పింది. ఆ తర్వాత మా ఇళ్లకు రావడం కూడా మానేసింది. పొట్టలో పుండని తిరునేష్ తేల్చేసింది. ఎవరో దిష్టి పెట్టారని అస్కలె పెద్దమ్మ తేల్చింది. అల్లం పంపారు, తేనె పంపారు, అవిసె గింజల జావ పంపారు. పాపం జెనెబెచ్, అరగని జబ్బుకు వచ్చిన మందులన్నీ అరిగించుకుంటూ కూర్చుంది.

ఆమె హోటళ్లకు ఇంజెరా అట్లు పోస్తుంది. తెల్లారకముందే లేచి, పులిసిన పిండిని ఆ పెద్ద మట్టి పెనం మీద గుండ్రంగా పోస్తుంటే, పొగలో ఆమె నీడ మాత్రమే కనిపిస్తుంది. భర్త జిబూటి దారిలో లారీ నడిపేవాడు. రోబెల్ ఇంకా బడికి వెళ్లని వయసులో ఆ దారిలోనే పోయాడు. అప్పట్నుంచీ ఆ పెనమే వాళ్లిద్దరినీ పోషించింది. రోబెల్‌కు బహిర్ దార్‌లో ఇంజనీరింగ్ సీటు వచ్చినప్పుడు మా ఆవరణంతా బస్టాండుకు వెళ్లింది. అస్కలె పెద్దమ్మ అయితే బస్సు కదిలేదాకా కిటికీలోంచి వాడి చెయ్యి వదల్లేదు.

రెండో ఏడు మధ్యలో వాడు తిరిగొచ్చాడు. సంచీ ఒకటే, ఒంట్లో సగం మనిషి లేడు. "సెలవులు" అంది జెనెబెచ్. మేం తలూపాం. సెలవులకు వచ్చిన కుర్రాడు పగలంతా గదిలో కట్టిన తెర వెనక గోడవైపు తిరిగి పడుకుంటాడా అని ఎవరి ఇంట్లో వాళ్లం అనుకున్నాం.

ఇక్కడే ఒక మాట చెప్పేయాలి. నేను కళ్లారా చూసింది, జెనెబెచ్ తన సంగతిగా చెప్పింది, చెప్పుకోమని రోబెల్ తర్వాత నాతో అన్నది, అంతవరకే రాస్తున్నాను. వాడి జబ్బుకు పేరేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాలని లేదని కూడా అనను, నేనూ ఈ ఆవరణ ఆడదాన్నే. కానీ వాడు ఆ పేరు చెప్పలేదు, నేను అడగలేదు.

ఆసుపత్రికి వెళ్లాలన్నది వాడే. ఒకరోజు పిండి కలుపుతున్న తల్లి దగ్గరకొచ్చి, "అమ్మా, నాకు బతకాలని అనిపించట్లేదు. ఎవరికైనా చూపించు" అన్నాడు. ఆమె పిండి చేతులతోనే వాడిని పట్టుకుంది. బయల్దేరేటప్పుడు ఒకటే షరతు పెట్టాడు. "ఎవరికీ చెప్పొద్దు. అస్కలె పెద్దమ్మకు అసలే చెప్పొద్దు. నా జబ్బు కాఫీ దగ్గర మాటైందా, ఆ రోజు నుంచీ మందులూ వద్దు, డాక్టరూ వద్దు."

మా ఆవరణలో కాఫీ దగ్గర కూర్చుని ఏదైనా దాచడం ఎవరి వల్లా కాదు. జెనెబెచ్ వల్ల మరీ కాదు. అందుకే ఏకంగా కాఫీనే మానేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. రోబెల్‌ను లోపల కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. వాడు బయటికి రాగానే జెనెబెచ్ లోపలికి దూసుకెళ్లింది.

"ఏం చెప్పాడమ్మా మావాడు?"

"అది అతను చెప్పమంటేనే చెప్తానండీ."

"నేను కన్నతల్లిని!"

"అందుకే మీకు చెప్పలేనివి కొన్ని ఉంటాయి. మందులు ఎలా వేసుకోవాలో ఇద్దరికీ చెప్తాను. అతని ప్రాణానికి ముప్పుందని నాకు అనిపిస్తే మాత్రం, వద్దన్నా మీకు చెప్తాను. ఆ మాట అతనికీ చెప్పే ఉంచాను."

జెనెబెచ్‌కు ఒళ్లు మండిపోయింది. పాలిచ్చి పెంచిన తనకన్నా నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్లకు ఎక్కువ తెలియడమా? దారి పొడుగునా రోబెల్‌తో మాట్లాడలేదు. రెండోసారి వెళ్లినప్పుడు తలుపు పక్కనే బల్ల మీద కూర్చుంది. ఆ తలుపు పల్చటి చెక్క. లోపల కొడుకు గొంతు వినిపించింది. మాటలు ఇంకా తెలియడం లేదు, కాస్త ఒరిగితే తెలిసేలా ఉన్నాయి. ఆమె ఒరిగింది కూడా. వాడు ఏడుస్తున్నాడు. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోయినా ఏడవని వాడు, అక్కడ, ఎవరో పరాయి మనిషి ముందు ఏడుస్తున్నాడు. ఏడవడానికి వాడికి ఒక చోటు దొరికిందని అప్పుడు తోచిందట ఆమెకు. లేచి, వరండాలో గాలి కొడుతున్న ఆ చివరి బల్ల మీదికి వెళ్లి కూర్చుంది. అక్కడ చలికి చస్తారమ్మా అని కాపలావాడు చెప్పినా కదల్లేదు. అప్పట్నుంచీ ఆ బల్లే ఆమెది.

ఇంట్లో మాత్రం అంత నిబ్బరం రాలేదు. ఒకే గది, మధ్యలో తెర. తెర తీసేముందు పిలవాలని కొడుకు అడిగాడు, ఆమె సరేనంది. మాట తప్పలేదు. కానీ తెరకు ఇవతల నిలబడి ఊపిరి వినడం మానలేకపోయింది. ఊపిరి వినిపిస్తే వెళ్లి పొయ్యి రాజేసేది. ఇంతకూ ఆమె తెలుసుకోవాలనుకున్నది ఒక్కటే. దాన్ని నోరు తెరిచి అడగడానికి ధైర్యం చాలలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమోనని భయం.

ఒక మధ్యాహ్నం బయట వాన, కొళాయి దగ్గర ఎవరూ లేరు. రోబెల్ తెర తీసుకుని బయటికొచ్చాడు.

"అమ్మా, కాఫీ తాగాలనుంది."

ఊరికి వచ్చాక వాడు నోరు తెరిచి ఏదైనా కావాలనడం అదే మొదలు. జెనెబెచ్ ముందూవెనకా చూడలేదు. బొగ్గులు రాజేసింది, గింజలు కడిగింది, పెనం పెట్టింది. గింజలు చిటపటమని నల్లబడి, పొగ లేచి, తలుపు సందుల్లోంచి ఆవరణంతా తిరిగాక గానీ తానేం చేసిందో ఆమెకు తెలియలేదు.

నేను మిషను ఆపాను. తిరునేష్ నెత్తిన గుడ్డ వేసుకుని పరిగెత్తింది. అస్కలె పెద్దమ్మ పేలాల గిన్నెతో సహా బయల్దేరింది. ముగ్గురం గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాం. జెనెబెచ్ పెనం చేత్తో పట్టుకుని, దొంగతనంలో దొరికిన దానిలా మా వైపు చూసింది. రోబెల్ గభాలున తెర వెనక్కి వెళ్లిపోయాడు.

"లోపలికి రమ్మంటావా, ఇక్కడే నానమంటావా?" అంది అస్కలె పెద్దమ్మ.

"అయ్యో, రా పెద్దమ్మా. రండి."

కూర్చున్నాం. పద్ధతి ప్రకారం వేగిన గింజల పెనం అందరి ముక్కుల ముందూ తిప్పింది. దంచింది, మట్టి కూజాలో కాచింది. మొదటి కప్పు కూర్చున్నవాళ్లలో పెద్దవాళ్లకు ఇవ్వాలి. అస్కలె పెద్దమ్మ చెయ్యి కూడా చాచింది. జెనెబెచ్ ఆ కప్పు తీసుకెళ్లి, "నాన్నా" అని పిలిచి, తెర పక్కనుంచి లోపలికి అందించింది. పెద్దమ్మ చాచిన చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. నేను తిరునేష్ మొహం చూశాను, తిరునేష్ నా మొహం చూసింది.

"పొట్ట నయమైనట్టుందే!" అంది పెద్దమ్మ.

"నయమే."

"పొట్టకేం రాలేదులే. పిల్లాడికే ఏదో వచ్చింది. ఏమైందే వాడికి?"

"టైఫాయిడా అక్కా?" అంది తిరునేష్. మా ఊళ్లో జ్వరం, నీరసం, చివరికి ప్రేమలో పడటం కూడా టైఫాయిడే. అవునంటే సరిపోయేది. జెనెబెచ్ కూజాలో రెండో విడతకు నీళ్లు పోసింది.

"చెప్పు తల్లీ," అంది పెద్దమ్మ, గొంతు తగ్గించి. "కొండ మీద మఠంలో పవిత్ర జలం ఉంది. నేనే తీసుకెళ్తా. నీ మొగుడు పోయినప్పుడు నీ పొయ్యి ఎవరు రాజేశారు? వీడికి నీళ్లు పోసి పెంచింది నేను కాదూ? మాకాడ దాపరికమేంటి?"

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే కష్టం. తెర వెనక కప్పు కింద పెట్టిన చప్పుడైంది.

జెనెబెచ్ కూజా బొగ్గుల మీద పెట్టి ఇటు తిరిగింది.

"నువ్వు చేసింది మర్చిపోతే నా కళ్లు పోతాయి పెద్దమ్మా. అయినా వాడి సంగతి నన్నడక్కు. ఇరవై దాటినోడు. వాడిది వాడు చెప్పుకుంటే చెప్పుకుంటాడు, లేదంటే లేదు. నేను చెప్పను. నా సంగతి అడుగు, చెప్తా."

"నీకేమైందే?"

"నాకు భయంగా ఉంది. కంటి మీద కునుకు లేదు. ఆ తెర కాడ నిలబడి వాడి ఊపిరి వింటా. వినపడితే ఆ రోజు గడిచినట్టే. పొట్టనొప్పని మీకు అబద్ధం చెప్పా, అది నా తప్పు. నాకు మీరు కావాలి. రోజూ కాఫీకి రావాలనుంది. కానీ ఒక్కటి అడక్కండి. అది అడిగితే నేను రాలేను."

చెప్పాక ఆమె తెరవైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది. మాట తప్పానా, నిలబెట్టుకున్నానా తనకే తెలియని చూపు. ఆ మాత్రం చాలదా, ఊహించుకోలేమా అనేవాళ్లు అనొచ్చు. ఊహించుకున్నాం. కానీ ఆమె ఇచ్చింది తనది మాత్రమే. వాడి దాంట్లోంచి చిటికెడు కూడా తీయలేదు. నేనైతే టైఫాయిడ్ అనేసేదాన్ని.

అస్కలె పెద్దమ్మ పేలాల గిన్నె అందరి మధ్యలో పెట్టింది. తర్వాత ఖాళీ కప్పు ముందుకు జరిపింది.

"రెండోది పొయ్యవే. మరిగిపోతోంది."

రెండో విడతంతా ఉల్లిపాయల గురించీ, తిరునేష్ అత్తగారి గురించీ మాట్లాడుకున్నాం. మూడో విడత దీవెనది. అది తాగాక పెద్దవాళ్లు ఇంటిని దీవించాలి. మామూలుగా అస్కలె పెద్దమ్మ దీవెనలో చదువు, ఉద్యోగం, కోడలు, మనవలు, మేడ, అన్నీ వరసగా వస్తాయి. ఆ రోజు రెండు చేతులూ చాపి ఒకటే అంది.

"ఈ ఇంట్లో వాళ్లకు దేవుడు నిద్ర పట్టించాలి."

ఆమెన్ అన్నాం. తెర వెనక నుంచి కూడా ఒక గొంతు అంది. మేం విననట్టే లేచి వచ్చేశాం.

మేం వెళ్లాక జెనెబెచ్ కప్పులు కడగడం మొదలుపెట్టింది. రోబెల్ తన కప్పు తెచ్చిచ్చి పక్కనే కూర్చున్నాడు. రేపట్నుంచి మందులు వేసుకోనంటాడని ఆమె భయం.

"రోజూ నిలబడతావా అక్కడ?" అన్నాడు.

"నీది చెప్పలేదు నాన్నా. నాదే..."

"విన్నాలే. నిలబడతావా?"

తలూపింది.

"డాక్టరమ్మతో మాట్లాడేవి నీతో మాట్లాడలేను అమ్మా. కోపం తెచ్చుకోకు. కానీ నువ్వు అక్కడ నిలబడి వినేది ఉంది చూడు, అది నన్నే అడుగు. అదొక్కటి అడిగితే నిజం చెప్తా."

ఆమె కడిగిన కప్పే మళ్లీ కడిగింది. వాడు లేవలేదు.

"చచ్చిపోవాలనుందా నాన్నా?"

వాడు వెంటనే జవాబు చెప్పలేదు. ఆలోచించాడు. "ఆ కాసేపట్లో నా ప్రాణాలు పోయి వచ్చాయి, కానీ అలా ఆలోచించాడు కాబట్టే నమ్మాను" అంటుంది జెనెబెచ్.

"ఇవాళ లేదు," అన్నాడు రోబెల్. "రేపు మళ్లీ అడుగు."