ఫైబర్ కారు మీద బొబ్బలు

అప్పట్లో మదనపల్లెలో కార్లే తక్కువ. ఉన్నవాటిలో ఇనుప రేకుతో చేయనిది మాదొక్కటే. పశువుల డాక్టరైన మా నాయన, బెంగళూరులో ఎవరో వాడి వదిలేసిన ఫైబర్ కారు కొన్నాడు. పల్లెల్లో జనం దాన్ని వేలితో తట్టి, "బకెట్టు మాదిరి ఉండాది" అని నవ్వేవాళ్లు. డిగ్రీ ముగించి ఇంట్లో ఉన్న నేను, ఒళ్లో పుస్తకంతో వెనక సీట్లో కూర్చుని ఆయనతో ఊళ్లు తిరిగేదాన్ని. ఎవరితోనూ మాట్లాడే పని ఉండేది కాదు.

ఆ ఏడు ఆయుధపూజకు ముందు పుంగనూరులో ఒక పెద్దాయన షెడ్డులో దానికి నీలం రంగు వేయించాం. ఆయన్ను అందరూ భాయ్ అనేవాళ్లు. రెండు నెలలైనా తిరక్కముందే బానెట్ నిండా పెసరగింజలంత బొబ్బలు లేచాయి. "భాయ్ నాసిరకం రంగు కొట్టినాడు" అని నాయన టీ అంగట్లో కనిపించిన ప్రతివాడికీ చెప్పాడు. ఆ మాట పుంగనూరు దాకా పోయింది. రంగు కోసం వదిలిన బండ్లను కూడా జనం వెనక్కి తీసుకుపోయారు.

మేం వెళ్లేసరికి షెడ్డు ఖాళీగా ఉంది. భాయ్ కోప్పడలేదు. సూదితో ఒక బొబ్బను గుచ్చాడు. నీటి చుక్క బయటికి వచ్చింది.

"సూడండి సార్. నాసి రంగైతే పొడిపొడిగా రాలుతాది. ఇది నీళ్లు. అడుగున తడి ఉండాది."

"తడి మీదనే కొట్టినావా మరి?"

"నీళ్లు పోసి గరుకు ఉప్పుకాగితంతో రుద్దినాము గదా. రేకైతే తుడిస్తే ఆరిపోతాది. ఇది నీళ్లు తాగుతాది. వారం ఎండాలని సెప్తిని."

"ఎప్పుడు సెప్తివప్పా? నాకు గుర్తు లేదే."

రంగుకు బండి ఇచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఇంటికి వచ్చాక డైరీలో రాసుకున్నాను కూడా. పొద్దుటి నుంచి తుంపర. భాయ్ వారం ఆగమన్నాడు. పూజనాడు బండి వాకిట్లో లేకపోతే ఏడాదంతా అరిష్టం, రేపే కొట్టమని నాయన పట్టుబట్టాడు. నాకు డైరీ ఉన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఆయన సెప్పినాడు నాయనా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పూజకని మనమే తొందర పెట్టినాము."

నాయన వెనక్కి తిరిగాడు. "నీకెట్ల గుర్తు?"

"రాసి పెట్టుకున్నాను."

"నా గురించి ఇంకేమేం రాసినావు?"

భాయ్ నవ్వేశాడు. "ఇంట్లోనే పోలీస్ స్టేషన్ పెట్టుకున్నారే సార్."

నాయన కూడా నవ్వాడు. "సరే, ఈసారి నువ్వు సెప్పినన్నాళ్లు ఆగుతా" అన్నాడు.

రంగు ఊడగొట్టే మందు ఫైబర్‌ను తినేస్తుందట. అందుకని భాయ్ పొడి ఉప్పుకాగితంతో, చేత్తోనే, ఫైబర్ బయటపడేదాకా రుద్దాడు. తర్వాత కారును ఎండలో పెట్టి, లోపల తడి మిగిలిందేమో చూడ్డానికి బానెట్ మీద ప్లాస్టిక్ కాగితం ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించాడు. మర్నాడు తీస్తే లోపలివైపు ఆవిరి. నాయన రోజు మార్చి రోజు బస్సులో పోయి చూసొచ్చేవాడు. "ఇంకా సెమట పడతాండాది" అనేవాడు, ఆవు జ్వరం గురించి చెప్పినట్టు.

తొమ్మిదో రోజు నన్నూ వెంట తీసుకెళ్లాడు. భాయ్ ప్లాస్టిక్ ఊడదీసి నా చేతికిచ్చాడు.

"నువ్వు సూడమ్మా. నీ మాటైతే కోర్టులో కూడా సెల్లుతాది."

వేలితో తడిమాను. పొడిగా ఉంది. "ఆరింది," అన్నాను.

"ఇయ్యాల మంగళవారం గదా..." అని గొణిగి, నాయన తనే ఆగిపోయాడు. "కొట్టప్పా," అన్నాడు.

మదనపల్లెలో బస్సు దిగగానే నేరుగా టీ అంగడికి నడిచాడు. నేను గడప బయట నిలబడ్డాను.

"భాయ్ తప్పేం లేదు. తడి ఆరకముందే కొట్టమనింది నేనే," అన్నాడు.

"ఊరంతా సాటితివే డాక్టరూ," అన్నాడు అంగడాయన.

"ఇది కూడా ఊరంతా సాటాలప్పా. నువ్వే మొదలుపెట్టు."

వారానికి కారు తేవడానికి పోయాం. షెడ్డు ముందు ఒక ట్రాక్టరు అడ్డంగా నిలిపి ఉంది, పాత రంగు సగం గీకేసి. దాన్ని జరిపితే గాని మా కారు బయటికి రాలేదు.