కొబ్బరి చిప్ప రూపాయి

చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే కొట్టువాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. అందుకే కొత్తపేటలో మేం కిరాణా కొట్టు పెట్టిన ఏడాది, బజారులో రూపాయి నాణేలు కరువైనప్పుడు, చాక్లెట్ డబ్బాని మా గల్లాపెట్టె దరిదాపులకి రానివ్వనని పంతం పట్టాను. ఫోన్లతో డబ్బులు కొట్టడం మా వీధికి ఇంకా రాని రోజులవి.

పెరట్లో కొబ్బరి చిప్పలకి కొదవా? బిళ్ళలుగా గుండ్రంగా కోయించి, కాల్చిన మేకుతో ఒక్కోదాని మీద చుక్క పొడిచాను. చుక్క బిళ్ళ రూపాయి కింద లెక్క. ఎప్పుడు తెచ్చినా సరుకో రొక్కమో ఇస్తానని అందరికీ మాటిచ్చాను. నెల తిరక్కుండా నా బిళ్ళలు పక్క టీ కొట్టులోనూ చేపల బుట్టల దగ్గరా కూడా చెల్లిపోయాయి. అబ్బో, నా గర్వం అంతా ఇంతా కాదు.

నేను చేయించినవి మూడొందలు. ఒకరోజు చూసుకుంటే నా గల్లాపెట్టెలో ఉన్నవే మూడొందల నలభై! మా అత్తగారు పడీపడీ నవ్వారు.

"కోనసీమలో కొబ్బరి చిప్పతో డబ్బు చేసేవటే అమ్మాయ్! ఇంక ఇంటింటికీ ఓ టంకశాలే!"

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా మాట తప్పేది లేదు. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఓ సంచెడు నాణేలు తెచ్చాను. శనివారం అందరినీ బిళ్ళలు తెచ్చి రొక్కం పట్టుకెళ్ళమన్నాను. కాకపోతే నావైతేనే. నా చుక్క లోతుగా ఉంటుంది, దొంగవాటిది పైపైనే. దొంగ బిళ్ళకి పైసా కూడా ఇవ్వకూడదనుకున్నాను.

శనివారం అందరికన్నా ముందు ఆకుకూరలమ్మే ముసలామె వచ్చింది. కొంగు ముడి విప్పి ఏడు బిళ్ళలు బల్ల మీద పెట్టింది. తిప్పి చూశాను. రెండే నావి.

"ఈ అయిదూ నావి కాదమ్మా," అన్నాను.

ఆమె గొడవ పడలేదు.

"ఆయ్, అయ్యుండొచ్చండీ. నాకు చూపానదు కదండీ. మీ బిళ్ళలంటే పుచ్చుకున్నానండీ. బిళ్ళలు దొంగవేమో గానండీ, నేనిచ్చిన తోటకూర నిజమైందేనండీ."

ఆ దొంగెవడో హాయిగా తోటకూర పప్పు తిని కూర్చున్నాడు. వాడి మీద కోపం ఈవిడ మీద చూపిస్తానా? ఛీ, అనుకున్నాను.

ఏడు రూపాయలూ లెక్కపెట్టి ఆమె చేతిలో పోశాను.

"ఏవిటే, ఆ అయిదూ..." అని అత్తగారు వెనకనుంచి అనబోయారు.

"ఇవాళ వచ్చినవన్నీ నావే అత్తయ్యగారూ," అన్నాను.