నారుమడి మట్టికి చీమల సాక్ష్యం

కొండదేవత మీద ఒట్టు, పొద్దున్నే తాగిన చోడి అంబలి, అదే మీ రాగి అంబలి, దాని మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మొద్దని అరకు సంతలో ఎవరైనా మీతో అంటే, ఈ కథలో వాళ్ళకి చోటు దొరకలేదని కుళ్ళుకుంటున్నారనుకోండి.

తొంభైల చివర లోయకి పైనున్న ఒక కొండ ఊళ్ళో నాకు చిన్న కొట్టుండేది. ఉప్పు, కిరసనాయిలు, యూరియా అన్నీ ఒకే కప్పు కింద అమ్మేవాణ్ణి. ఊరిని ఆనుకుని మూతపడ్డ కాఫీ తోట ఒకటుంది. కాండం తొలిచే పురుగు కోసం తెచ్చిన పొడిమందు అక్కడి షెడ్డులోనే ఉండిపోయింది. రెండు వానాకాలాలు కప్పు కారింది. మందు నాని, గోడ కింద నుంచి జారి, పల్లంలో ఉన్న ఒకామె మడిలోకి దిగింది. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అక్క వరస కలిపి అప్పా అని పిలిచేవాణ్ణి.

చెడింది మూడు మంచాలు పరిచేంత చోటు. అయితే వాగు నీళ్ళు అందేది అక్కడికే, ఆమె చోడి నారు పోసుకునేదీ అక్కడే. నారు లేకపోతే పైనున్న వాలు పొలమంతా బీడు, ఏడాదంతా తిండికి వెతుకులాట.

"ఏటి సావుకారీ, నా మడిలో పాకే సీమ నేదు, మన్ను తొలిసే ఎర్ర నేదు. గింజలేరుకున్న కోడి సాయంత్రానికి మెడ వాల్సేసింది. నా బూమికేటైనాది?" అని అడిగింది.

యూరియా అమ్ముతాను కనక నాకు మట్టి వైద్యం వచ్చని ఆమె నమ్మకం. వచ్చినట్టే తలూపాను. మర్నాడు జీపెక్కి వెళ్ళి ఒక మట్టి ఆఫీసరుని వెంటబెట్టుకొచ్చాను. జానెడు లోతు మట్టి తీసి సంచుల్లో కట్టి తడవకుండా పెట్టండి, లారీ వచ్చి పట్టుకుపోతుంది, ఖాళీలో మంచి మట్టీ పశువుల పెంటా వేయండి అన్నాడాయన.

"మట్టిని దేనితోనైనా కడగలేమా సార్?"

"కడిగిన నీళ్ళు ఎక్కడ పోస్తావు?"

అప్పుడు మొదలైన అయోమయం నాకు ఇంకా వదల్లేదు.

ఆయనిచ్చిన రబ్బరు తొడుగులు వేసుకుని నలభై సంచులు నింపాం. సంచులు నావే, ఖాళీ యూరియావి. వాటిని నా గోడౌనులో పేర్చాం. ఇక మంచి మట్టి. ఆ ఊళ్ళో ఎవరి మడి పాడైనా ఇంటింటా సొంత పొలం గట్టు తవ్వి మట్టి ఇస్తారు. ఒక గట్టుని ఏడాదికి ఒక్కసారే అడగాలి. పైగా విత్తనాల పండగనాడు పూజారి తొలి పిడికెడు గింజలు నేలలో వేసేదాకా ఒకరి మట్టి ఇంకొకరి మడిలో పడకూడదు. పండగ ఇంకా ఎనిమిది రోజులుంది. అందుకని ఆ మట్టీ సంచుల్లోనే ఆగింది. ఆ సంచులూ నేనిచ్చిన యూరియా సంచులే. వాటిని గోడౌను బయట చూరు కింద పెట్టాం.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్ద వాన. ఆ వానలో ఎలుగుబంటి వచ్చింది. నా కళ్ళతో చూశాను. చూరు కింది సంచుల్ని వాసన చూసింది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఒక్కొక్కదాన్నే ఎత్తుకుని గోడౌనులోకి మోసింది, రెండుసార్లు తుమ్మి అడివిలోకి వెళ్ళిపోయింది. వాన తగ్గేసరికి లోపల మంచీ చెడూ ఒకే గుట్ట.

ఊరంతా వచ్చింది. అప్ప గుట్ట చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎలుగు సంచుల్ని వరసగా పేర్సిందా సావుకారీ?"

"పేర్చిందప్పా. శుభ్రమైన జంతువు."

"ఒక్క మూతి తాడైనా ఊడనేదు."

"దాని చేతులు మెత్తన."

ఆమె నవ్వలేదు. పూజారి గట్లు మళ్ళీ తవ్వకూడదన్నాడు. ఒక పెద్దాయన మాత్రం, "అన్నీ కలిపి మడిలో పోసేయండి, సగం మంచిదే కదా," అన్నాడు.

"అలాగైతే సగం కోళ్ళే సత్తాయా మావా?" అంది అప్ప.

సంచి మీద సంచి, అన్నీ ఒకే తెలుపు, ఒకే అచ్చు. లోపలి మట్టి చూస్తే అంతా ఎరుపే. మందు కంపుని పట్టుకుందామంటే నా గోడౌనులో ఉప్పుతో సహా అన్నిటికీ అదే కంపు. నేను తల గోక్కుంటూ నిలబడ్డాను.

"సీమల్ని అడుగుదాం," అంది ఆమె. "నా మడిలోంచి ముందు ఎల్లిపోనాది అయ్యే కదా."

మర్నాడు పొద్దున్నే సంచికో అడ్డాకు దొప్ప కుట్టాం. ప్రతి సంచిలోంచీ పిడికెడు మట్టి దొప్పలో పోసి, మధ్యలో చిన్న బెల్లం ముక్క పెట్టాం. మట్టి మీద నడవకుండా బెల్లం అందదు. సంచికీ దొప్పకీ ఒకే గుర్తు నేను బొగ్గుతో వేశాను. పనస చెట్టు కింద చీమల బారు పక్కన దొప్పలన్నీ పరిచి, సాయంత్రం దాకా గొంతుక్కూర్చున్నాం. కొన్నిట్లో బెల్లం నల్లగా కదులుతోంది. కొన్నిట్లో బెల్లం బెల్లంలాగే ఉంది, అంచున నాలుగు చీమలు వెల్లకిలా పడున్నాయి. రెండు దొప్పల చుట్టూ మాత్రం చీమలు తిరుగుతున్నాయి తప్ప లోపలికి దిగడం లేదు, వెనక్కీ పోవడం లేదు.

"ఇవేంటప్పా?"

"ఇయ్యా? నీలాటియ్యి. ఏటీ తేల్సుకోనేవు." ఆ రెంటినీ చెడ్డవాటిలోకి తోసేసింది.

పండగ అయింది. మంచి మట్టి మడిలో పోశాం, పెంట కలిపాం. ఆ రెండు సంచులు పోను మడి జానెడుకి వేలు మందం తక్కువే నిండింది. అయినా నారు లేచింది, ఆ ఏడు వాలు పొలంలో చోడి కంకులు వేసింది. ఒక పొద్దున అప్ప నా కొట్టు దగ్గరికొచ్చి, "బేగి రా," అని నన్ను లాక్కుపోయి మడి గట్టు మీద ఒకే ఒక్క చీమని చూపించింది.

లారీ మరో వానాకాలం గడిచాక వచ్చింది. "ఎక్కడ దింపుతావు?" అని డ్రైవరుని అడిగాను. "సెప్పిన కాడ," అన్నాడు. మట్టి బాగుపడిందా, చెడు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపురం మారిందా, నాకు ఇప్పటికీ తెలియదు.

ఒట్టు వేశాను కనక చెప్పేస్తాను. ఎలుగుబంటి లేదు. చూరు కింది మట్టి తడిసిపోతోందని కంగారులో నేనే మోశాను. ఏ సంచికీ గుర్తు పెట్టలేదు. ఆమె ఏడాది తిండి నా చేతుల్లో కలిసిపోయిందని ఊరందరి ముందూ ఒప్పుకునే ధైర్యం లేక ఎలుగుని పిలిచాను. మిగతాదంతా నిజం. చీమలు మరీ నిజం.

అప్పకి ఆ రోజే తెలుసు. తర్వాత ఏటేటా కొత్త చోళ్ళు సంతకి తెచ్చినప్పుడు నా కొట్టు ముందు ఆగి, పదిమందీ వినేలా అడిగేది:

"ఏటి సావుకారీ, నీ ఎలుగు కులాసాయేనా?"