చూసినోడెవడు?

జుమా నమాజు చేసుకుని రూముకు వచ్చి ఇంకా చెప్పులు కూడా విప్పలేదు, మా జెద్దా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో అన్న ఫొటో పడింది. ఫొటోకు ఎవరో ఫోనులోనే పూలదండ వేశారు. కింద 'కటింగ్ అన్న ఇక లేరు' అని రాశారు. నిలబడే చదివాను. చదివి, ఆయన నేర్పిన ప్రశ్ననే గ్రూపులో పెట్టాను. చూసినోడెవడు?

జవాబుగా చేతులు జోడించిన బొమ్మలు వరసగా వచ్చి పడ్డాయి. నాకు ఒళ్లు మండింది. మనిషి పోయాడంటే నమ్మడానికి ఇంత తొందరేమిటి? జగిత్యాల దగ్గర ఆయన ఇంటికి ఫోన్ చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. పళ్లెంలో వడ్డించుకున్న అన్నం అలాగే వదిలేసి మిద్దె మీదికి వెళ్లాను, దిగాను, మళ్లీ వెళ్లాను. సాయంత్రం దాకా నా కాలు ఒకచోట నిలవలేదు. ఇక్కడ రాసేవన్నీ ఆ తిరుగుడులో గుర్తొచ్చినవే.

కటింగ్ అన్నకు దుకాణం లేదు. పెట్టుకునే వీలూ లేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు ఎప్పుడో తీరిపోయింది. కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, దగ్గర నుంచి పారిపోయినవాడని సౌదీ సర్కారు లెక్కలో ఉన్నాడు. అలాంటివాళ్లను మనవాళ్లు ఇక్కడ ఖల్లివల్లి అంటారు. దారిలో పోలీసు ఆపితే జైలు, తర్వాత సంగతి దేవుడెరుగు. అందుకని ప్రతి శుక్రవారం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పాత లాప్‌టాప్ సంచిలో కత్తెర, మిషను, కత్తి, సబ్బు పెట్టుకుని, ఆఫీసుకు పోయేవాడి నడకతో మన రూములకు వచ్చేవాడు. మా మిద్దె మీద ఖాళీ నూనె డబ్బా బోర్లిస్తే అదే సెలూను. మేము కడప జిల్లావాళ్లం ఇద్దరం, మిగతావాళ్లు కరీంనగర్, నిజామాబాద్ వైపువాళ్లు. నేను కంపెనీ వ్యాను నడుపుతాను. వాళ్లలో ఏసీ పనివాళ్లున్నారు, తాపీ మేస్త్రీలున్నారు.

ఫోనును ఇటుకకు ఆనించి మన వార్తల చానెల్ పెడితే గానీ అన్న చేతిలో కత్తెర కదిలేది కాదు. ఎన్నికలొస్తే ఇక చెప్పక్కర్లేదు. అక్కడికి పోయి ఓటు వేసేవాడు మాలో ఒక్కడూ లేడు, అయినా వేసేవాళ్లకంటే మేమే ఎక్కువ కొట్టుకునేవాళ్లం. ఒక పార్టీ గుర్తు మీద గెలిచి ఇంకో పార్టీ కండువా కప్పుకున్న నాయకుడి మీద మాట వచ్చిందొకసారి. నిర్మల్ మేస్త్రీ ఆ నాయకుణ్ని వెనకేసుకొచ్చాడు. అన్న అతని మీసం ఒక పక్క కత్తిరించి, రెండో పక్క వదిలేసి, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. మేస్త్రీ వారమంతా మూతికి మాస్కు కట్టుకుని పనికి పోయాడు. తర్వాతి శుక్రవారం అన్నే చాయ్ తెప్పించి, రెండో పక్క సరిచేసి, పొరపాటంతా ఆ నాయకుడిదేనని తేల్చాడు. ఇంతా చేసి, ఎవరు గెలుస్తారో అన్న చెప్పిన జోస్యం నేనెరిగి ఒక్కసారి కూడా నిజం కాలేదు. ఫలితాలు వచ్చిన వారం, తను అసలు ఆ మాటే అనలేదని దబాయించేవాడు.

ఖూనీ వార్తలంటే మాత్రం ఆయనకు గిట్టేది కాదు. ఎక్కడో భార్య భర్తను చంపించిందన్న వార్త వస్తే మా మిద్దె మీద అందరూ లేచేవాళ్లు. ఒక్కొక్కడూ ఫోను తీసుకుని ఓ మూలకు పోయి, ఊరికే అన్నట్టు ఇంటికి ఫోన్ చేసేవాడు. తిన్నావా, ఏం కూర, ఎవరొచ్చారు అని. అన్న చానెల్ మార్పించేవాడు. "మెడ మీద కత్తి ఉన్నప్పుడు ఖూనీ ముచ్చట వెట్టకురి. నా చెయ్యి అదురుతది," అనేవాడు.

బ్యాంకులను ముంచిన పెద్ద వ్యాపారి ఒకడు విదేశానికి ఉడాయించాడని చూపించిన రోజు అందరం తలా ఒక తిట్టు తిట్టాం. అన్న తిట్టలేదు. సబ్బు నురగను గిన్నె అంచుకు తుడుస్తూ నవ్వాడు. "కోట్లు మింగినోడు దేశాలు దాటిండు. నేను ఎవ్వనిది మింగలె, గీ సందు దాటాల్నంటె భయమైతది," అన్నాడు. మేమూ నవ్వాం. ఆ నవ్వు ఇప్పటికీ నాకు నచ్చదు.

ఆయన ఈ గతికి వచ్చింది కూడా ఒక వార్త నమ్మే. మొదట ఉనైజాలో ఖర్జూరపు తోటలో పని. కఫీల్ సంతకం లేకుండానే ఇప్పుడు వేరే కఫీల్ దగ్గరికి మారొచ్చట, కొత్త చట్టం వచ్చిందట అని తోటంతా గుప్పుమంది. ఖర్జూరాలు తీసుకుపోయే ట్రక్కు డ్రైవరు చెప్పాడు, అతనికి ఇంకో డ్రైవరు చెప్పాడు, ఆ డ్రైవరుకు ఎవరు చెప్పారో ఎవరూ అడగలేదు. అన్న బట్టలు సర్దుకుని జెద్దా వచ్చేశాడు. అలాంటి చట్టమేదీ అప్పటికి లేదు. అక్కడ కఫీల్ ఆయన మీద హురూబ్ పెట్టాడు, అంటే పనివాడు పారిపోయాడని రాసిచ్చాడు. దాంతో ఊరికి పోయే దారి మూసుకుపోయింది. అప్పుడు కూతురు తొట్టెలలో ఉంది.

అప్పటి నుంచి ఏ వార్త చెప్పినా ఆయనది ఒకటే మాట. "విన్నోళ్లు వెయ్యిమంది. చూసినోడెవడు?" చూసినవాడు ఎదురుగా వచ్చి చెబితేనే నమ్మేవాడు. బంగారం ధర పడిందన్నా అదే, మంత్రి రాజీనామా చేశాడన్నా అదే. నా తమ్ముడికి కొడుకు పుట్టాడని ఫొటో చూపిస్తే, ఫొటో సరే, ఎత్తుకున్నోడెవడని అడిగాడు. విసుగొచ్చి చచ్చేవాళ్లం.

ఖల్లివల్లి వాళ్లకు ఆమ్నెస్టీ వస్తుందన్న పుకారు ఏటా రంజాను ముందు ఎక్కడో ఒకచోట పుడుతుంది. మొదట్లో అన్న ప్రతిసారీ పెట్టె సర్దేవాడు. కూతురికి కొన్న గౌనులు పెట్టెలోనే పొట్టివైపోయాయి. ఆ తర్వాత సర్దడం మానేశాడు. చివరికి నిజంగానే ఆమ్నెస్టీ వచ్చింది. ఊరి పేపర్లలో క్షమాభిక్ష అని రాశారు. జరిమానా లేదు, జైలు లేదు, గడువులోగా వేలిముద్రలు వేసి వెళ్లిపోవచ్చు. రూములకు రూములు ఖాళీ అవుతున్నాయి. మా మిద్దె మీద అన్న మాత్రం కత్తి నూరుకుంటూ, చూసినోడెవడు అంటున్నాడు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, చూసినవాళ్లంతా విమానం ఎక్కి వెళ్లిపోతున్నారు. వెనక్కి వచ్చి ఆయన ఎదురుగా నిలబడి చెప్పేవాడెవడు? ఊళ్లో దిగినవాళ్లు ఫోన్ చేసినా ఒప్పుకోలేదు. ఫోనులో గొంతు ఎవరిదైనా కావచ్చన్నాడు. అటు పోయాక పట్టుకుని లోపల వేస్తే దిక్కెవరన్నాడు. గడువు దగ్గర పడుతోంది. ఇది పోతే ఆ మనిషి కూతుర్ని ఇక చూడడని నాకు తెలుస్తూనే ఉంది. అరిచాను, బతిమాలాను. మొండివాడు రాజుకంటే బలవంతుడని ఊరికే అనలేదు.

ఆయనకు చెప్పకుండా నేనే చూద్దామనుకున్నాను. నిర్మల్ మేస్త్రీ కూడా ఖల్లివల్లే, వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు. వ్యానులో అతన్ని ఎక్కించుకుని వేలిముద్రలు వేసే ఆఫీసుకు తీసుకుపోయాను. ఎండలో అతని పక్కనే నిలబడ్డాను. కాగితాలన్నీ వచ్చాక ఎయిర్‌పోర్టుకూ నేనే దింపాను. నన్ను రానిచ్చినంత దూరం వెంట పోయాను. అక్కడి నుంచి నేరుగా అన్న దగ్గరికి వచ్చాను. ఏసీ పిల్లాడొకడికి సబ్బు రాస్తున్నాడు.

"అన్నా, నేను చూసినా," అన్నాను. "మేస్త్రీ పోయినాడు. వేలిముద్రలేసేది చూసినా, ఊరికి పొమ్మని ఖురూజ్ స్టాంపు కొట్టేది చూసినా, అద్దాల తలుపు దాటి లోపలికి పోయేది నా కండ్లతో చూసినా."

అన్న సబ్బు ఆపి కత్తి చేతిలోకి తీసుకున్నాడు.

"తిరిగి సూసిండా?" అని అడిగాడు.

"లేదన్నా. పిల్చినా తిరగలా."

"అయితె పోయినట్టే. ఇంటికి పోయేటోడు ఎన్కకు సూడడు," అన్నాడు. కత్తి కింద పెట్టి, ఆ పిల్లాణ్ని లేపి, నూనె డబ్బా మీద తనే కూర్చున్నాడు. ఆయన దాని మీద కూర్చోగా చూడడం నాకదే మొదటిసారి. "జర నువ్వు గియ్యి తమ్మీ. నా చేతులు వణుకుతున్నయ్," అన్నాడు. తన గడ్డం మీద ఎవరి చెయ్యీ పడనివ్వని మనిషి. నేను రెండుచోట్ల కోశాను. ఆయన కళ్లు మూసుకుని ఏడుస్తూనే ఉన్నాడు, నేను గీస్తూనే ఉన్నాను.

ఊరికి పోయి, బస్సులు ఆగేచోట చిన్న సెలూను పెట్టుకున్నాడు. టీవీ కూడా పెట్టాడు. అక్కడా రాజకీయమేనట, అక్కడా జోస్యాలు తప్పుతూనే ఉన్నాయట. ప్రతి శుక్రవారం నాకు ఫోన్ చేసేవాడు. ఒకసారి వానలకు జెద్దా మునిగిందని వార్తల్లో చూపిస్తే ఊళ్లో అందరూ కంగారు పడుతుంటే, ఆయన నాకు ఫోన్ చేసి, మునిగిందంటున్నరు, నువ్వు సూసినవా తమ్మీ అని అడిగాడు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి చూస్తున్నా అన్నాను. మా ఊరివాళ్లు పంపిన వీడియోలకంటే ఆ ఒక్క ప్రశ్నకు నాకు ధైర్యం వచ్చింది. నన్ను అడిగి నమ్మే మనిషి ఒకడున్నాడని.

ఈ మధ్య రెండు శుక్రవారాలు ఫోన్ రాలేదు. జ్వరమని విన్నాను. విన్నాను, అంతే.

సాయంత్రం అసర్ నమాజు దాటాక ఆయన కూతురు ఫోన్ చేసింది. పొట్టి గౌనుల పిల్ల ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. నేను గ్రూపులో అడిగింది ఆ పిల్లకు ఎవరో చూపించారట.

"నేను చూసిన కాకా," అంది. "నోట్లె నీళ్లు వోసింది నేనే. పొద్దుగాల గడ్డం గూడ నేనే గీసిన. ఒక్క గాటు గూడ వడనియ్యలె."

ఇక అడగడానికేమీ లేదు. ఏడ్చాను. తర్వాత గ్రూపు తెరిచి, నిజమే అని ఒక్క మాట రాసి మిద్దె మీదికి వెళ్లాను. డబ్బా బోర్లా అలాగే ఉంది. దాని మీద కూర్చోలేకపోయాను, గోడ పట్టుకుని నిలబడ్డాను.

ఇంటికి పోయేవాడు వెనక్కి చూడడన్నాడు గదా. ఆయన జోస్యాల్లో అది కూడా తప్పే. ఆయన్ని ఎయిర్‌పోర్టుకు దింపిన రోజు, అద్దాల తలుపు దాటి పది అడుగులు పోయాక ఆగాడు. తిరిగి చూశాడు. నేను అక్కడే ఉన్నానని చూసి గాజు అవతల నుంచి ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. వేళ్లతో తన దవడ తడుముకుని, నా వైపు చూపించి, మాసిపోయింది గీసుకో అన్నట్టు చెయ్యి ఆడించాడు.