లేసు డబ్బాలో మాత్రలు

మా చర్చి స్త్రీల సమాజంలో గట్టిగా ప్రార్థన చేసేదాన్ని నేనే. నేను మొదలుపెడితే పక్కింటి కుక్కర్ ఆరు కూతలు కూసినా ఆమెన్ రాదని నా స్నేహితురాలు ఆటపట్టించేది. చిన్నప్పుడు సండేస్కూల్లో పక్కపక్కన కూర్చున్నవాళ్ళం. నేను టీచరునయ్యాను. తను మా నరసాపురంలో ఇంటిపట్టునే లేసు అల్లుకుంటూ ఉండిపోయింది. గర్భసంచిలో మొదలైన క్యాన్సర్ ఎముకల దాకా పాకాక, రాజమండ్రిలో డాక్టరుగారు ఇక చేసేదేమీ లేదని, నొప్పికి మాత్రలు రాసి ఇంటికి పంపేశారు.

నేను ఊరుకుంటానా? పదిమందిని వెంటబెట్టుకుని వెళ్ళి వాళ్ళింట్లో మూడు రోజులు ఉపవాస ప్రార్థన పెట్టించాను. మూడో రోజు ఆమె నుదుటికి నూనె రాసి, "ఈ క్షణమే నీ నొప్పి పోయింది, నమ్ము" అన్నాను. అలా అనమని నాకెవరూ చెప్పలేదు. ఆవేశంలో అనేశాను. ఆమె కాసేపు నా ముఖంలోకి చూసి, "పోయిందే" అంది.

దేవుడు మేలు చేస్తే ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పడం మా అలవాటు. చెప్పకుండా దాచుకుంటే ఆ మేలు నిలవదంటారు పెద్దవాళ్ళు. ఆ ఆదివారం నేనే ఆమెను ఆటోలో తీసుకెళ్ళాను. ముందున్న బల్ల పట్టుకుని నిలబడి, "నాకిప్పుడు నొప్పి లేదండి. దేవునికి స్తోత్రం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ చప్పట్లు నాకేనన్నట్టు పొంగిపోయాను.

గురువారం బడి వదిలాక చూడటానికి వెళ్ళాను. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెదవి కొరికి కొరికి పుండైంది. కాస్త మనసు మళ్ళుతుందని, సగంలో ఆగిన లేసు చేతికిద్దామని దారపు ఉండల డబ్బా తెరిచాను. ఉండల కింద మాత్రల అట్టలు. ఒక్కటీ చింపలేదు.

"ఏంటే ఇది? వేసుకోవట్లేదా?"

"చర్చిలో నొప్పి లేదని చెప్పొచ్చాను కదే. ఇప్పుడు మాత్ర వేసుకుంటే దేవుడి ఎదట అబద్ధమాడినట్టు కాదూ?"

"మరి ఆరోజు పోయిందన్నావు?"

"మూడు రోజులు పస్తుండి ఏడ్చావు. నీ ముఖం చూసి పోలేదని ఎలా చెప్పనే?"

మాత్ర తీసి నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగించింది. గుమ్మంలో ఉన్న ఆమె భర్త, "నా మాటా వినట్లేదండి అక్కగారూ. రాత్రంతా దుప్పటి కొరుక్కుంటందండి" అన్నాడు. బతిమాలాను, తిట్టాను. ఆమెది ఒకటే మాట, అందరి ముందూ అన్నది అందరి ముందే వెనక్కి తీసుకోవాలని.

ఆదివారానికి ఇంకా మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆమె ఎలా గడిపిందో నేను రాయలేను.

ఆదివారం అదే బల్ల పట్టుకుని నిలబడ్డాను. "ఆమెకి నొప్పి తగ్గలేదండి. తగ్గిందని ఆమె చేత చెప్పించింది నేనే. ఆ అబద్ధం నాది" అన్నాను. పాస్టరుగారు పాటల పుస్తకం తిరగేస్తూ ఉండిపోయారు. వెనక వరసలో ఒక ముసలామె, "విశ్వాసం చాల్లేదు" అని అందరికీ వినపడేటట్టే గొణిగింది. ఎవరి విశ్వాసమో నేను అడగలేదు.

ఆరాధన అయ్యేదాకా ఉండకుండా తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. "నీ సాక్ష్యం అందరి ముందూ వెనక్కి తీసేసుకున్నానే" అన్నాను. ఆమె నోరు తెరిచింది. మాత్ర నాలుక మీద పెట్టి, చెంచాతో నీళ్ళు పోశాను.

ఆ తరువాత పదకొండు రోజులు బతికింది. రోజూ వెళ్ళాను. ప్రార్థన చెయ్యమని ఒక్కసారి కూడా అడగలేదు. నేను గుమ్మంలో కనిపించగానే, "మాత్ర టైమయిందా?" అనేది.